గమనించాం

మొత్తం మూడు వందల పన్నెండు ఉత్తరాలు.
కొన్ని వానకు తడిసి వచ్చాయి.
ఒకదాని మీద టీ కప్పు అడుగు గుండ్రంగా అచ్చయింది.
ఇంకొకటి పెన్సిల్‌తో రాసి, చెరిపి,
మళ్ళీ అదే మాట రాసినది.

స్కార్‌బెక్ కౌన్సిల్లో నాది ఆర్నెల్ల ఉద్యోగం.
ఒక్కో ఉత్తరాన్నీ ఒక్కో వరుసకు కుదించాలి:
అనుకూలం, ప్రతికూలం, వ్యాఖ్య.
చివరి గడిలో మా జవాబు.
అది ముందే టైపు చేసి ఇచ్చారు:
గమనించాం.

ప్రణాళిక పటంలో అది పద్నాలుగో స్థలం.
నూట ఎనభై ఇళ్ళు, వాననీటికో గుంట,
అర ఎకరం 'నాణ్యమైన పచ్చదనం'.
ఊళ్ళో మాత్రం దాన్ని గుడ్డిగుర్రం బీడు అంటారు.
ఆ గుర్రాన్ని చూసినవాళ్ళెవరూ మిగల్లేదు.

విల్ఫ్రెడ్ ఆక్‌రాయిడ్, ఎనభై మూడేళ్ళు, నాలుగు పేజీలు.
మూడు పేజీల నిండా తీతువులే.
ఏ ఏడు ఎన్ని జతలు దిగాయో,
ఏ గూడును ఎవరి కుక్క తొక్కిందో,
నేల మీద నాలుగు గడ్డిపరకలే వాటికి ఇల్లని.
నాలుగో పేజీలో ఆయన భార్య ఈనిడ్.
తుంటి విరిగాక ఆమె గేటు దగ్గరే కుర్చీ వేసుకునేదట,
ఈయన లోపలికెళ్ళి లెక్కపెట్టి వచ్చి చెప్పేవాడట.
ఇప్పుడు గేటు దాకా వచ్చి
ఎవరికి చెప్పాలో తెలియక కాసేపు నిలబడతాడట.
ప్రతికూలం. జీవవైవిధ్యం.
నాలుగో పేజీకి గడి లేదు.

షానా గ్రిమ్‌షా, లాండ్రీ షాపు పై గది, ఇద్దరు పిల్లలు.
ఒక బిల్లు వెనకాల రాసింది:
"గోడకు బూజు. చిన్నవాడికి దగ్గు.
పిట్టలకైనా నేల మీద ఇల్లుంది."
అనుకూలం. గృహావసరం.
గమనించాం.

హైఫీల్డ్ క్లోజ్ నుంచి తొంభై ఒక్కటి,
ఒకే ఉత్తరం, సంతకాలు వేరు.
'మన పచ్చదనం, మన వారసత్వం'.
వాళ్ళ ఇళ్ళ కింద ఉన్నదీ
పాతికేళ్ళ కిందటి బీడే.
ఏరు దాటాక తెప్ప తగలేయడం
ఇంత చక్కటి వ్యాకరణంతో నేనెప్పుడూ చదవలేదు.
ఒకాయన మాత్రం వారసత్వం కొట్టేసి
పైన 'మురుగు కాలువలు' అని రాశాడు.
ఆయన మీద గౌరవం కలిగింది.

కంపెనీ వాళ్ళది నున్నటి కాగితం.
బొమ్మలో చెట్లన్నీ ఒకే నాణెం చుట్టూ గీసినట్టున్నాయి,
మనుషులకు నీడలు లేవు.
పుట్టి బుద్ధెరిగాక మా ఊరిని
వాన లేకుండా చూడ్డం అదే మొదటిసారి.

నేనూ రాద్దామనుకున్నాను.
ఇళ్ళ జాబితాలో నా పేరెక్కి నాలుగేళ్ళు.
మా అమ్మ ముందుగదిలో సోఫా మీద పడుకుంటాను.
నిద్ర పట్టని తెల్లవారుజామున
ఆ బీడు దాకా నడిచి తీతువుల అరుపు వింటాను.
రెండు గడుల్లోనూ టిక్కు పెడితే
ఫారం చెల్లదు.

శుక్రవారం అయిదుకు గడువు ముగిసింది.
సోమవారం పొద్దున తలుపు కింద ఒక కవరు.
హెస్బా థ్వెయిట్, అద్దె కౌలు రైతు కూతురు,
వణికే చేత్తో మూడు వాక్యాలు:
"ప్రణాళికలో పేరు తప్పు రాశారు.
గుర్రం గుడ్డిది కాదు, మా తాతయ్య గుడ్డివాడు.
అది ఏ గోతిలోనూ ఆయన్ను పడనివ్వలేదు."

ఇళ్ళు కట్టమని లేదు, వద్దని లేదు.
'ఆలస్యం' అని ముద్ర కొట్టి తిప్పి పంపాలి.
గారెత్ రెండుసార్లు అడిగిపోయాడు,
పట్టిక పూర్తయిందా అని.
ముద్ర నా చేతిలోనే ఉంది.
సిరా ఆరిపోతోంది.