అరవై ఓమ్‌లు

గుజరాతీ గల్లీలో రెండు వందల ఎనభైకి కొన్న
నీలం పలక, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది.
క్రిస్టల్ వెండి డొప్ప మీద ఎనిమిది అని చెక్కి ఉంటే
పదహారు అనుకొని రాసుకున్నాను ప్రోగ్రాములో.
ఆ మూడు రోజులూ అది ఏం గొణిగిందో గానీ
నేను మాత్రం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

నాలుగో రోజు అంకె దిద్దాక
మొదటి మాట బయటికొచ్చింది.
ఆగలేదు. అదే మాట, మళ్లీ అదే మాట.
వినే రెండోది లేదు కదా తీగ మీద.
"అందింది" అని ఎవరైనా ఒక్క చుక్క పెడితే చాలు దానికి,
పెట్టేదాకా చెబుతూనే ఉంటుంది.
చెర్లపల్లి షెడ్డులో రాత్రి పదకొండింటికి
దాన్నే చూస్తూ కూర్చున్నా,
చాయ్ మీద తొరక కట్టింది.

రెండోది తగిలించా. మూరెడు తీగ.
పలికింది!
రెండూ ఒకేసారి నోరు తెరిస్తే
సున్నా అన్నది సాగిపోతుంది,
ఒకటి అన్నది గమనించి తగ్గుతుంది.
దాని మాటేం పోదు. సందు దొరగ్గానే
మళ్లీ మొదటి అక్షరం నుంచి.
మేం ఐదుగురం అక్కచెల్లెళ్లం ఒక గదిలో పెరిగాం,
ఈ పద్ధతి అప్పుడే తెలిసుంటే బాగుండు.

బల్ల మీది గెలుపు బల్ల మీదే.
బోయిన్‌పల్లిలో ఆలుగడ్డల కోల్డ్ స్టోరేజీ,
ఆరు గదులు,
కొస నుంచి కొసకు నూట ముప్పై మీటర్లు.
నిచ్చెన మీద అజ్మత్ భాయ్
మెలేసిన జంట తీగను జడలా వదులుతూ పోయాడు.
సెకనుకు ఐదు లక్షల బిట్లు పెట్టి మీట నొక్కా.
నాలుగు గదులు పలికాయి.
చివరి రెండూ తమ తప్పులు తామే లెక్కపెట్టుకొని
తీగ వదిలేసి పక్కకు జరిగాయి.

మీటరు పెడితే నలభై.
ఈ కొసన నూట ఇరవై, ఆ కొసన నూట ఇరవై,
కలిస్తే అరవై రావాలి.
మూడోదేదో నడుమ దాక్కుంది.
స్వెటర్ లేకుండా గది గదీ వెతికా,
మూడో గది పలక మీద గోరంత నల్ల టోపీ.
పీకి జేబులో వేసుకున్నా. అరవై.
అయినా ఆరో గది మూగే.

"తీగ ఖరాబున్నదా?"
లేదు భాయ్, దూరం ఎక్కువైంది.
"మరి జోరుగ పంపు."
జోరు కాదు. బిట్టుకు రెండు మైక్రోసెకన్లే ఇచ్చా.
అది ఆ కొసకు పోవాలి, అక్కడి జవాబు తిరిగి రావాలి,
ఆ లోపే నేను తర్వాతిది ఎత్తుకుంటున్నా.

ఆయన నిచ్చెన దిగి చేతులు రుద్దుకున్నాడు.
"మౌలాలి యార్డుల మా మామూ గార్డు.
యాభై డబ్బాల గూడ్సు.
కూత ఏసినంక డ్రైవరు ఊకె కదలడు,
ఎనక లాంతరు ఊగేదాంక చూస్తడు."

లక్షా ఇరవై ఐదు వేలకు దించా.
బిట్టుకు ఎనిమిది.
ఆరో గది: రెండు పాయింట్ ఎనిమిది డిగ్రీలు.

ఇరవై మీటర్లు మిగిలింది.
"మళ్ల పనికొస్తది, చుట్టి పెట్టెలనే పెడుదునా?"
వద్దు భాయ్, కోసెయ్.
చుట్ట చుట్టినంత మాత్రాన
దూరం దగ్గర కాదు.