రెండోసారి చెప్పిన జోకు

పాగో పాగోలో వాన తెరిపివ్వని వారం అది.
ట్యూనా ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి
ఒంటినిండా చేపల వాసనతోనే వచ్చింది ఎసేటా.
రబ్బరు బూట్లు గడప బయట విప్పి
ఫోను నా చేతిలో పెట్టింది:
"ఆ పెద్దమనిషి ఏమన్నాడని అడుగుతున్నాడు మావాడు.
నాకు నోరు రావట్లేదు. నువ్వే చెప్పు టీచర్."

ఊళ్ళో అందరం అప్పటికే విన్నాం.
ఏడువేల మైళ్ళ అవతల, ఎన్నికల సభలో
చొక్కా చేతులు పైకి మడుచుకుని
కాలేజీ పిల్లల్ని నవ్విద్దామని అన్నాడు:
"లెక్కలు రాకపోతే ఏముంది,
ఎడారిలో తుపాకులు లెక్కపెట్టుకోవచ్చు."
నవ్వారు కూడా.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు.
అబద్ధం.
సాయంత్రం వార్తలకల్లా తీసేసుకున్నాడు:
నా ఉద్దేశం అది కాదు, మాట తడబడింది,
మన వీరులకు వందనం.
ఎసేటా కొడుకు ఫాలనికో ఎడమకాలు
ఏ వార్తల వేళకీ వెనక్కి రాలేదు.

అవతలి పార్టీవాడు మర్నాడే
కోటుకి పసుపు రిబ్బను గుచ్చుకుని
"మన బిడ్డల్ని అవమానించారు" అని గొంతు జీరపోయేలా అరిచాడు.
మన బిడ్డలట.
వాళ్ళిద్దరిలో ఎవరికీ ఓటెయ్యలేం మేం.
జెండా మాదే, ఓటుపెట్టె మాది కాదు.
జెండా కప్పి పంపే పెట్టె మాత్రం మాకే వస్తుంది.

ఫాలనికో నా క్లాసులో లెక్కల్లో ఫస్టు.
నీడ పొడవు అడుగులతో కొలిచి
బడి వెనక కొబ్బరిచెట్టు ఎత్తు చెప్పేవాడు.
లెక్క రాక వెళ్ళలేదు వాడు,
వచ్చు కనకే వెళ్ళాడు.
గంటకింత చొప్పున అమ్మ కోసే చేపలు,
చెల్లెలి గుండెకి హవాయి ఆస్పత్రి,
ఇద్దరికి విమానం టికెట్లు ఒక పక్క.
సంతకం పెడితే ఇచ్చే బోనసు ఇంకో పక్క.
నేను నేర్పినట్టే మెట్టు మెట్టూ చూపించి చేశాడు.
జవాబు తప్పు కాదు.
ఆ ప్రశ్న ఎవరు రాశారని అడగడం
నేనే నేర్పలేదు.

సార్జెంట్ తునై కూడా నా దగ్గర చదివినవాడే.
మధ్యాహ్నం గంట కొట్టగానే
డోనట్ల డబ్బా, తాళంచెవుల గొలుసులు పట్టుకొస్తాడు.
"నేనెవర్నీ లాగను టీచర్,
తలుపు తీసి పట్టుకుంటానంతే" అంటాడు.
మరి రెండో తలుపేదిరా అని
ఏ ఏడాదీ అడగలేదు.
వాడికి బల్ల జరిపి ఇచ్చింది నేనే.

ఫోన్లో ఆస్పత్రి చప్పుళ్ళు.
ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.
"ఏంటి టీచర్? ఆ చెవి పోయింది కదా,
ఉండండి, ఇటు పెట్టుకుంటా... ఆ, ఇప్పుడు చెప్పండి."
మళ్ళీ చెప్పాను.
రెండోసారి చెప్తే జోకులో
నవ్వుండే చోటు ఎక్కడా దొరకదు.
ఎసేటా గోడకేసి తిరిగి నిలబడింది.

చాలాసేపటికి అన్నాడు:
"నిజమే, లెక్కపెడుతూనే ఉన్నాను.
తుపాకులు కాదు టీచర్. మెట్లు.
కొత్త కాలుతో
ఇవాళ పదకొండు ఎక్కాను."
తర్వాత అమ్మకివ్వమన్నాడు.
వాళ్ళేం మాట్లాడుకున్నారో నేను వినలేదు,
వంటింట్లోకి వెళ్ళి ఖాళీ గిన్నె కడిగాను.

సోమవారం మా బళ్ళో సైన్యం పరీక్ష.
ముప్పై ఒక్క బెంచీలు ఎడం ఎడంగా వేశారు.
పర్యవేక్షకురాలు అని రాసిన చోట
నా సంతకం కోసం గీత గీసి ఉంది.
కిటికీ పక్కన తునై పెన్సిళ్ళు చెక్కుతున్నాడు,
ఒక్కోదాని మొన
వెలుతురుకేసి పట్టి చూసి మరీ.