పట్ట

మైలవరం కట్టకు ఈ పక్క, నీళ్ల అంచున నా కొలువు.
రెండు అల్యూమినియం డొల్లల మీద తేలే పడవను
వానకు తడవనీకుండా చూసుకోవడం.
జీతం తొమ్మిది వేలు.
చెబితే జమ్మలమడుగు బస్సులో నవ్వుతారు:
"వానకు మొక్కే సీమలో
వానకు అడ్డం పడే ఉద్యోగమా పకీరప్పా?"

మొదటి ఏడు నీలం పట్ట బిగించి కట్టినాను.
చీమ దూరే సందు లేదు.
ముడి మీద ముడి.
మూడు రోజుల ముసురుకు
పట్ట నడుమ గుంట పడి చిన్న మడుగైంది,
యాడినుంచో ఒక కప్ప కూడా వచ్చి చేరింది.
నాలుగో రోజు విప్పితే
లోపలికి చుక్క దిగలేదు గానీ
దుప్పటి ముసుగేసిన జొరం మనిషి మాదిరి
పడవ ఒళ్లంతా చెమట.
సీటు మెత్తల మీద నల్ల బూజు,
వేలు పెడితే ముద్ర మిగిలింది.
కడప నుంచి వచ్చిన మేనేజరు
ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని
"తడవకుండా కుళ్లబెట్టినావు కదయ్యా" అన్నాడు.

ఇంటికి పోయి అవ్వకు చెప్పినాను.
మేము దూదేకులోళ్లం. పరుపులు కుట్టి బతికిన చేతులు ఆమెవి.
"దూదిని బిగించి కడితే దూది చచ్చిపోతాది" అన్నది.
కాసేపాగి పాతర సంగతి ఎత్తింది.
జొన్నలు తీసేముందు మూత తెరిచి
ఒక పూట ఊరకే కూచునేవాళ్లంట.
లాంతరు దించి, దీపం నిలిస్తేనే మనిషి దిగేది.
ఆత్రపడి దిగిన గంగులప్ప పైకి రాలేదు.
"గింజలు కూడా ఊపిరి తీస్తాయిరా.
వాటికి గాలి బాకీ పెడితే
మన దగ్గర వసూలు చేసుకుంటాయి."

మరుసటేడు పడవ నడుమ వెదురు గెడ నిలబెట్టినాను.
పట్ట చినగకుండా కొనకు పాత స్టీలు చెంబు బోర్లించినాను.
నీళ్లు నిలవలేదు, రెండు పక్కలకూ జారిపోయినాయి.
ముందొకటి, వెనకొకటి కన్నాలు కోస్తే
వాటి మీద రెక్కలు కుట్టింది అవ్వ,
గాలి పోవాల, వాన రాకూడదు అని గొణుక్కుంటా,
దబ్బనం చేత, దారం కొస నోట.
అంచులు జానెడు ఎత్తి కట్టినాను.
రాత్రిపూట గాలొస్తే పట్ట లేచేది, దిగేది.
నిద్ర పట్టని రోజు కట్ట మీద కూచుని
నా ఊపిరి దానితో కలిపి చూసుకునేవాణ్ణి.
కలిసేది కాదు. దానిది నిదానం.

మొన్న నవంబర్లో తుఫాను అన్నారు.
రాత్రి పదకొండుకు ఓబుళమ్మ టార్చిలైటుతో వచ్చింది.
నాలుగెకరాల చెనక్కాయలు కళ్లంలో కుప్ప.
ఊర్లో పట్టలన్నీ బాడుగకు పోయినాయి.
ఆమె ఏమీ అడగలేదు.
పడవ దిక్కు టార్చి వేసి అట్లే నిలబడింది.

కట్టను గంట పట్టే ముళ్లు
విప్పను మూడు నిమిషాలు పట్టలేదు.
"గెడ కూడా తీసుకుపో. బిగించొద్దు,
పచ్చికాయలు ఆవిరి పోస్తాయి. చెంబు మరిచిపోవద్దు."

ఆ రాత్రి పడవ మీద వాన పడింది.
ముప్పై రెండు సీట్ల మీద, స్టీరింగు మీద,
కొక్కేలకు వేలాడే లైఫ్ జాకెట్ల మీద
వరసగా, ఒక్కదాన్నీ వదలకుండా.
నేను గొడుగు లేకుండా చూస్తా ఉంటి.
కొలువు పోతుందనే భయం ఉండె.
దాని పక్కన ఇంకొకటి ఉండె,
దాని పేరు నాకు రాదు.

తెల్లారి డబ్బాతో నీళ్లు తోడి పోసినాను,
మెత్తలన్నీ కట్ట రాళ్లకు ఆనించినాను.
రెండెండలకు ఆరినాయి.
ఎంత వెతికినా బూజు లేదు.
రిజిస్టరులో రాసినాను:
"గాలికి పట్ట ఎగిరిపోయింది. మళ్లా దొరికింది."
రెండో మాట నిజమే.

వారానికి పట్ట తిరిగొచ్చింది,
మడతల్లో ఎర్రమన్ను, నాలుగు తాలు కాయలు.
గెడ వచ్చింది. చెంబు రాలేదు.
అడిగితే ఓబుళమ్మ నాలుక కరుచుకుంది.
మనవడు దాంట్లోనే నీళ్లు తాగుతానని మంకుపట్టు పట్టినాడంట.
ఇప్పుడు గెడ కొనకు టెంకాయ చిప్ప బోర్లించినాను.
వాన పడితే
చప్పుడు వేరేగా ఉంటాది.