నోబిడ్

టంగుటూరు దాటి కొండపి రోడ్డులోకి తిరిగితే
మాల్యాద్రి వాళ్ల పొగాకు బ్యారన్.
ఐదేళ్లుగా పొయ్యి వెలగలేదు.
గోడలకు మాత్రం ఆ తీపి ఘాటు అట్టానే ఉంది,
వాన పడితే నిద్ర లేస్తుంది.

అందులో పాత తలుపులు నాలుగు జతచేసి
ట్రాకు పరిచాం, మూడేళ్ల కింద.
నల్లటి ప్లాస్టిక్ రోడ్డు, మధ్యలో సన్నటి గాడి,
గాడికి అటూ ఇటూ కరెంటు పారే రేకులు.
ఒక వంపుకి కాలేషా సింగరాయకొండ గేటని పేరు పెట్టాడు,
ఎంతటివాడైనా అక్కడ నెమ్మదించాల్సిందేనని.
గాడి తప్పాడంటారు, మనిషినైతే, జీవితాంతం.
ఇక్కడ తప్పితే చేత్తో తీసి మళ్లీ పెడతాం.

నేను ఇరవయ్యారేళ్లు వేలంలో ఆకు చూసినవాణ్ణి.
రంగు, పొడవు, జిడ్డు, మచ్చ.
బేలులో చెయ్యి పెట్టి ఒక్క ఆకు లాగితే
సంగతంతా అదే చెప్పేది.
ఇప్పుడు పార్సిల్లో కొత్త బండి వచ్చినా
ముందు ముక్కు దగ్గరికే పోతుంది చెయ్యి.
"పెదనాన్నా, అది కారు" అంటుంది సుభాషిణి.

నోటుబుక్కులో ఆ ఆదివారం రాసింది:

*నీలం బండి. కిటికీలకు నల్లరంగు పూసి*
*లోపలి బద్ధకం దాచారు.*
*అయినా గాడిని పడితే విడవదు.*
*నా చేతిలో తొమ్మిది సెకన్ల ఆరు, కాలేషా చేతిలో తొమ్మిది రెండు.*
*మీడియం. నమ్మొచ్చు.*

*ఎర్ర బండి. అసలు కారులో ముప్పై రెండో వంతు.*
*డెబ్భై ఎనిమిది గ్రాములు.*
*తలుపు సందు వెంట్రుకంత;*
*తెరుచుకుంటుందేమోనని గోరు కూడా పెట్టాను.*
*డ్రైవరు హెల్మెట్ మీద మూడు చారలు,*
*చేతి తొడుగులకు కుట్టు గీశాడు ఏ మహానుభావుడో,*
*ఎవరూ చూడరని తెలిసి కూడా.*
*వెనక చక్రాలు గుండ్రంగా లేవు.*
*అడుగున రాగి జడలు అంటీ అంటనట్టు.*
*అయస్కాంతం తీసేస్తే గేటు దగ్గర పల్టీ.*
*ఎడమ అద్దం ఎగిరిపోయింది. వెతికాం, లేదు.*

"ఎర్రదానికేం రాశావు?"
గుమ్మంలో గొంతుక్కూర్చున్న మాల్యాద్రి అడిగాడు.
"నోబిడ్" అన్నాను, నోటి అలవాటు.

ఆ మాట అతనికి కొత్త కాదు.
ఒక ఏప్రిల్లో అతని పదకొండు బేళ్ల మీద
నేనే రాశాను.
ట్రక్కు ఆటోలో ఎక్కించుకుని, తాడు రెండుసార్లు బిగించి,
పల్లెత్తు మాట లేకుండా పోయాడు.
నెలనెలా అద్దె చేతిలో పెట్టేటప్పుడు కూడా
ఇద్దరం ఎత్తలేదు ఆ సంగతి.

లేచి వచ్చాడు. బండిని వెల్లకిలా తిప్పాడు,
కుంటే గొర్రెపిల్లను తిప్పినట్టు.
అడుగు స్క్రూలు అరచుట్టు వదులు చేశాడు:
"కాస్త ఊపిరాడనీ."
గరుకు కాగితం మీద వెనక చక్రాలు ఆనించి
సుభాషిణిని మీట నొక్కమన్నాడు.
నల్లటి పొడి రాలింది, రబ్బరు కమురు.
రాగి జడల్ని వేలి కొసతో దువ్వి, దించి,
బడికి టైమైనా తొందరపడని తల్లిలాగా.

"యాడ నేర్చావయ్యా?"
"మూడేళ్లుగా చూస్తన్నాగా, గుమ్మంలో కూచ్చోని."

కరెంటు ఉంది, అదొక అదృష్టం.
గేటు దగ్గర తోక విసిరింది ఎర్ర బండి,
గాడి విడవలేదు.
పది ఒకటి.
తొమ్మిది ఎనిమిది.
కాలేషా బీడీ ఆర్పేశాడు.
తొమ్మిది నాలుగు, ఒంటి అద్దంతోనే.

పెన్ను తీశాను.
కొట్టేసి పైన రాయాలా, కింద రాయాలా?
వేలంలో నా చేత్తో ఒక్క కొట్టివేత లేదు,
అదే నా గొప్పని చెప్పుకునేవాణ్ణి.
మాల్యాద్రి నోటుబుక్కు వైపు చూడనుకూడా లేదు.
"రాయమాక. ఇంకో చుట్టు తిరగనియ్."

ఆ పేజీ అట్టానే ఉంది.
అద్దం మాత్రం దొరికింది వారానికి,
పొయ్యి నోట్లో, పాత బూడిదలో, బియ్యపు గింజంత.
అగ్గిపెట్టెలో దాచాను, పైన తేదీ వేసి.
అతికించాలంటే అతని చెయ్యే కావాలి,
అడగాలి.