క్యారేజీ సంచి

కంపెనీ సంచి కొన్న రోజు
నర్సాపురం రేవులో పంటు ఎక్కుతుంటే
టిక్కెట్టు కుర్రాడు చింపబోయిన కాగితం చేతిలోనే ఉంచుకుని
"పేపరోళ్ళా అండీ?" అన్నాడు.
కాదన్నా నమ్మలేదు.
నల్లటి సంచి, ఎర్రటి అంచు,
వీపు మీద అరచెయ్యంత అక్షరాలు.
లోపల ఎంతుందో బయటికే చెప్పేసే రకం,
బీరువాలో నగలన్నీ దిగేసుకుని
పేరంటానికొచ్చిన పిన్నిగారిలా.

ఆవేళ సఖినేటిపల్లి అవతల లేసు పాకలో
పదకొండు మంది ఆడవాళ్ళు
నన్ను చూసి కాదు, సంచిని చూసి కొంగులు సర్దుకున్నారు.
సూదులు ఆగిపోయాయి.
ఆగిన సూదిని ఎన్ని ఫొటోలు తీసినా
ఆగిన సూదే.

నా పని చిన్నది.
అల్లిన బల్లగుడ్డలు, కాలర్లు, దిండు గలేబులు
నీలం అట్ట మీద పరిచి తీయాలి,
ఎక్కడో కొనేవాళ్ళకి ప్రతి కన్నమూ లెక్కకొచ్చేలా.
రోజూ రెండు పంట్లు, ఒక షేర్ ఆటో,
చెరువు గట్టు మీద ఇరవై నిమిషాల నడక.
వాన రోజు కూడా రోజే.

రెండోది వీపు సంచి.
వైశాఖంలో వీపుకీ దానికీ మధ్య
ఇంకో కాలవ పారింది.
మూడోది మా బావ ఇచ్చిన రేకు పెట్టె.
కెమెరాకి భద్రం, నా మోకాలికి కాదు.
నాలుగోది చెప్పుకోను. డబ్బు పోయింది.

ఈలోగా ఉప్పుగాలి దాని పని అది చేసుకుపోతోంది.
ఒక పొద్దున లెన్సు కిటికీకేసి ఎత్తి చూస్తే
గాజు లోపల, అంచున,
తెల్లటి పోగులు, పోగు మీద పోగు,
సూది లేకుండా, కూలి అడక్కుండా
బూజు అల్లిన లేసు.
అంత బాగా అల్లినందుకు
ఇంకాస్త ఏడుపొచ్చింది.

రాజోలు బస్టాండు వెనక
ఏసుపాదం ఆటోలకి సీట్లు కుడతాడు.
కొలుస్తాడని కెమెరా తీసి బల్ల మీద పెట్టాను.
దాన్ని పక్కకి జరిపి
టేపు నా భుజం నుంచి తుంటి దాకా పెట్టాడు.
"పంటు దిగేప్పుడు ఏ చేత్తో కమ్మీ పట్టుకుంటావు?"
"కూచుంటే ఒళ్ళో పెడతావా, కాళ్ళ మధ్యా?"
డాక్టరు కూడా నన్నిన్ని అడగలేదు.

రొయ్యల చెరువు అడుగున పరిచే పట్టా లోపల,
పాత ఆటో సీటు స్పాంజి మధ్యన,
పైన బూడిదరంగు గళ్ళ గుడ్డ.
అచ్చం అన్నం సంచి.
జిప్పు వద్దన్నాడు, ఉప్పుకి బిగుసుకుపోద్దని.
మూత మడిచి బద్దీ వేశాడు.
మూల జేబులో నేనే
వేయించిన బియ్యం మూట పెట్టుకున్నాను, చెమ్మ తాగడానికి.
ఆదివారం ఆదివారం మారుస్తాను. పాతవి కోళ్ళకి.

ఇప్పుడు పంటు మీద నన్నెవరూ చూడరు.
"ఏం కూరండీ?" అంటాడు ఆ కుర్రాడే.
చింతచిగురు రొయ్యలంటాను ఒకరోజు,
గోంగూరంటాను ఇంకోరోజు.
నిజంగా తెచ్చుకునేది పెరుగన్నం, వేరే డబ్బాలో.

మొన్న మధ్యాహ్నం పాకలో
సంచులన్నీ ఒకే గోడకి ఆనించి ఉన్నాయి.
పళ్ళాలమ్మ ఆకలి మీద నాది లాక్కుంది.
బద్దీ విప్పి, చెయ్యి పెట్టి,
చల్లటి గాజు తగిలేసరికి
"ఓర్నాయనో, ఇదేం వండుకొచ్చేవయ్యా!" అంది.
పాకంతా నవ్వింది.
ఆ నవ్వు తీద్దామంటే కెమెరా ఆవిడ చేతిలో.
"ఇది నొక్కితేనా?" అంది.
నొక్కేసింది.

ఆ ఫొటో ఉంచుకున్నాను.
వంకరగా సగం తాటాకు కప్పు, సగం నేను,
నోరు తెరుచుకుని,
చేతిలో ఆవిడ క్యారేజీ.
వెనకెక్కడో ఎవరి చెయ్యో
ఆపకుండా అల్లుతోంది, మసగ్గా.

ఆ తర్వాత కొంగులు సర్దుకోవడం మానేశారని
రాయాలనుంది గానీ, మానలేదు.
కాస్త ఆలస్యంగా సర్దుకుంటున్నారంతే.

బద్దీ కుట్టు ఒకటి ఊడింది.
సోమవారం తెమ్మన్నాడు ఏసుపాదం.