అరువు ముక్కు

కెలీబియా రేవులో పడవలు ఒడ్డు చేరకముందే
మొంజియా పెనం పొయ్యెక్కుతుంది.
పోయినేడు చలికాలంలో వచ్చిన జ్వరం
తగ్గడమైతే తగ్గింది,
పోతూ పోతూ ఆమె వాసనలన్నీ మూటగట్టుకుపోయింది.
అప్పట్నించీ ఈ వంటింట్లో
గిన్నెలు తోమే నాకు ఇంకో పని పడింది.
ఆమె ముక్కు నేనే.

నారింజ తొక్క మాత్రం తనే తీస్తుంది.
"పైపైనే, పైపైనే, తెల్లపొర తగిలిందా చేదు"
అని పండుకే బుద్ధి చెప్తున్నట్టు గొణుగుతుంది.
చాకు మలుపు తిరిగిన ప్రతిసారీ
కంటికి కనపడని జల్లొకటి లేస్తుంది.
ఇద్దరం కళ్ళు చికిలిస్తాం.
కంటికి అందిన కబురు
ఆమె ముక్కుదాకా వెళ్ళదు.

చిన్న గిన్నెలో ఆలివ్ నూనె.
కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, చిటికెడు సోంపు,
తొడిమ తీయని ఎండుమిర్చి ఒక్కటి,
పైన నారింజ తొక్కలు.
మంట ఉందా లేదా అన్నంత సన్నం.
"వేయించకూడదు పిల్లా, నీళ్ళు పోయాలి వీటికి,
పసిబిడ్డకి పోసినట్టు."
ఆ తర్వాత అడుగుతుంది:
"ఏం వాసన?"

మొదట్లో "బావుంది" అనేదాన్ని.
గరిటె కాడ భుజానికి తగిలేది.
"బావుంది అనేది వాసన కాదు, మర్యాద.
వాసన చెప్పు."

నేర్చుకున్నాను.
"తడిసిన గోనెసంచి."
"ధనియాలు ఇంకా నిద్రలేవలేదు. ఇప్పుడు?"
"కొత్త చెక్కపెట్టె మూత తీసినట్టు."
"ఇప్పుడు?"
"ఎండలో నిలబెట్టిన మా నాన్న లారీ.
మెంజెల్ బూజెల్ఫా నించి నారింజలు దింపేశాక
ఖాళీ అయిన లారీ, ఆ సీటు తోలు."

అనాలని అనలేదు. నూనె అనిపించింది.
ఆ లారీ ఇప్పుడు వేరే ఇంటి ముందు ఆగుతుంది.
మొంజియా నా వంక చూడనైనా చూడకుండా
మంట ఆర్పేసి అంది:
"అదీ. దించు."

ఇక చేప దగ్గర ఎవరి ముక్కూ అక్కర్లేదు, చెవి చాలు.
ముల్లు తీసిన కారూస్ ముక్కల్ని
గుడ్డతో అద్ది, తిప్పి, మళ్ళీ అద్దుతుంది.
తడి చేపని పెనం నమ్మదట.
ఉప్పు. తోలు కిందికి.
సుర్రుమని లేచిన అరుపు మీద
అరచేయి ఆనించి ఊరుకుంటుంది,
అలిగిన వాళ్ళ వీపు మీద చేయి వేసినట్టు.
అంచులు ముడుచుకోబోయి మానుకుంటాయి.
అరుపు కాస్తా చిటపటలవుతుంది,
చిటపట కాస్తా గుసగుస.
నేను అట్లకాడ అందుకోబోతే ముంజేయి పట్టుకుంటుంది.
"అదే వదులుతుంది. తొందరపడి లాగితే
తోలు పెనానికి, పిప్పి మనకి."

నిజంగానే వదిలింది.
తిప్పితే, ఇత్తడి రంగు.
రెండోవైపు నాలుగు ఊపిర్లు, అంతే.
పైన ఆ నూనె రెండు చెంచాలు.

వలలు కుట్టే హమ్మాది పళ్ళెం ఖాళీ చేసి
చివరి చుక్క రొట్టెతో తుడిచి
"ఇవాళేంటి, నూనెలో ఏదో ఎక్కువైంది" అన్నాడు.
తిట్టో పొగడ్తో తేలలేదు.
డబ్బులు మాత్రం రేపన్నాడు.

మధ్యాహ్నం తలుపులు సగం మూసి
గడప మీద కూర్చుని మా వంతు తింటాం.
ఆమెకి మిగిలినవి ఉప్పు, పులుపు, మంట,
ఇంకా పళ్ళ కింద ఆ కరకర.
దాన్ని చెవులతో తింటుంది, కళ్ళు మూసుకుని.

పొయ్యి ఆరి చాలాసేపయింది.
"ఏ రంగు?" అంది ఉన్నట్టుండి.
"ఏది?"
"లారీ."

"నీలం," అన్నాను. "ఒక తలుపు మాత్రం ఎరుపు.
గుద్దుకున్నాక పాతది దొరికితే బిగించారు."

తల ఊపింది.
తన పళ్ళెంలోని తోలు ముక్క, బాగా కాలిన అంచు,
నా పళ్ళెంలో వేసి
వేళ్ళు నాక్కుంది.