పట్టూ విడుపూ

తరమణి ల్యాబ్‌లో పదిహేడో అణువు కూడా నిన్న ఓడిపోయింది.
ఎముకలోంచి లోహాన్ని లాక్కురమ్మని పంపితే
దారిలో దొరికిన జింకును చంకన పెట్టుకుని
ఘనకార్యం చేసినట్టు తిరిగొచ్చింది.

ఎలుకల బోను కింద పళ్ళెం, పళ్ళెంలో మూత్రం.
మా జయాపజయాలన్నీ అందులోనే.
ఎళిలరసి చుక్కచుక్కా లెక్కకట్టి
"ఇల్ల మేడమ్" అంది. అంతే.

ప్లుటోనియం మా చేతికివ్వరు,
దాని వరస తమ్ముడు థోరియంతో సరిపెట్టుకుంటాం.
అన్న మాత్రం మాయలమారి:
ఇనుములా వేషం కట్టి, ఇనుమెక్కే బండే ఎక్కి
కాలేయం దగ్గరో ఎముక దగ్గరో దిగి కాపురం పెడుతుంది.
ఇరవై నాలుగు వేల ఏళ్ళకి సగం చస్తుంది.
అంతసేపు ఎవరాగుతారు?

ఆదివారం, ఇంకా తెల్లారని కాసిమేడు.
పీత డెక్కలకు నైలాన్ దారం ఒక్క మెలికేసి
బుట్టలోకి విసురుతోంది అంజలై.
మా విద్యకు పేరిచ్చింది ఆ డెక్కేనట,
ఏదో పాత గ్రీకు మాటలో.
మనవాళ్ళనడిగితే ఉడుంపట్టు అనేవాళ్ళు.

ఒకదాన్ని నొక్కి చూసి పక్కన పడేసింది:
"ఇప్పుడే పెంకు విడిచింది, దీనికి పట్టుండదు."
నా పదిహేడోదీ ఇంతే, వెన్ను మరీ మెత్తన.
తొమ్మిదోది బిరుసెక్కి చేతులే ముడవలేదు.

అంతలో ఓ కుర్రాడి వేలు చిక్కింది.
వాడు లాగుతున్నాడు, అరుస్తున్నాడు.
అంజలై వాణ్ణి తిట్టి, చేతిని బకెట్లో ముంచింది.
"లాగితే బిగిస్తుందిరా. నీళ్ళు తగిలితే తనే వదుల్తుంది."
వదిలేసింది.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.
ఒళ్ళంతా నీళ్ళే కదా.
మూత్రపిండం మలుపులో కాస్త పులుపు తగిలితే
నావీ ఇలాగే వేళ్ళు విప్పేస్తాయి,
గుమ్మం దాకా తెచ్చిన దొంగని
మళ్ళీ ఇంట్లోకే వదిలేస్తాయి.

పట్టూ విడుపూ తెలియాలంటారు పెద్దలు.
జింకు ఎదురైతే పలకరించి పోనివ్వాలి,
కాల్షియం జోలికి పోకూడదు.
ఆ ఒక్కడు దొరికాక మాత్రం
విడుపన్న మాటే మరిచిపోవాలి.
ఇంత నీతి ఇన్ని కార్బన్లకెలా నేర్పను?

అరకిలో కొన్నాను. బస్సులో ఒళ్ళో సంచి కదులుతోంది.
టికెట్ వెనక పద్దెనిమిదోదాన్ని గీశాను.
ఎనిమిది చేతులు కావాలి, చోటు చాల్లేదు.
ఏడు పట్టాయి.
ఎనిమిదోది కాగితం దాటి
నా బొటనవేలి గోరు మీదికొచ్చింది.